సంఘం లెక్కలు - 3వ పాఠం: సంచిలోంచి ఖర్చు

చర్చిలో ఆదివారం వచ్చిన కానుకను ఇద్దరికి తగ్గకుండా, ఒకే ఇంటివాళ్ళు కాకుండా లెక్కపెట్టాలన్నది అందరికీ వచ్చేసింది. లెక్కపెట్టినప్పుడు రాసిన చీటీకీ బ్యాంకు పాస్‌బుక్కుకీ పొంతన కుదరకే చాలామంది ఆగిపోయారు. కూడికలు సరిగానే ఉన్నాయి. తప్పు లెక్కకు ముందే జరుగుతోంది.

ఒక ఆదివారం కానుక సంచి విప్పితే 500 నోట్లు 3, 200వి 4, 100వి 17, 50వి 9, 20వి 6, 10వి 23, చిల్లర 87 రూపాయలు. మొత్తం 4,887. వాక్యం చెప్పడానికి వచ్చిన దైవజనుడి దారిఖర్చుకు 600, జనరేటర్ డీజిల్‌కు 340 అక్కడికక్కడే తీసి ఇచ్చేశారు. పుస్తకంలో ‘కానుక 3,947’ అని పడింది. ఎవరూ ఏమీ తినలేదు. కానీ పుస్తకం ప్రకారం 940 రూపాయలు రాలేదు, ఖర్చూ కాలేదు. రేపు ఎవరైనా నిజంగానే 940 జేబులో వేసుకున్నా పుస్తకం అచ్చం ఇలాగే ఉంటుంది! ‘సంఘం డబ్బు, సంఘం ఖర్చే కదండీ’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2 కొరింథీ 8:20-21లో పౌలు జాగ్రత్తపడింది దొంగతనం గురించి కాదు, తప్పు మోపే సందు గురించి.

ఎజ్రా 8 చదవండి. ఎజ్రా యాజకుల్లో 12 మందిని ఏర్పరచి, దేవుని మందిరానికి ఇచ్చిన వెండి బంగారాలు తూచి అప్పగించాడు. యెరూషలేము చేరాక నాలుగో రోజున మళ్ళీ తూచి, బరువంతా అప్పుడే రాశారు. ‘దారిఖర్చు పోను’ అన్న పద్దు అక్కడ లేదు.

కాబట్టి 4,887 మొత్తం జమ రాసి, సోమవారం మొత్తం బ్యాంకులో కట్టండి. చిల్లర ఖర్చులకు వేరే డబ్బాలో 2,000 పెట్టండి. ఇచ్చిన ప్రతిదానికీ ఓచరు, తీసుకున్నవాళ్ళ సంతకం. ఓచర్లు 940, నగదు 1,060 కలిపితే ఎప్పుడు చూసినా 2,000 రావాలి. డబ్బా నింపేటప్పుడు ఓచర్ల మొత్తానికే చెక్కు రాయండి, గుండుగుత్తగా వద్దు. ఫోన్‌పేలో వచ్చిన కానుకకు వేరే వరస. ఇళ్ళలో వంటప్పుడు సంఘానికని తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మిన సొమ్ముకీ అంతే. పెన్సిల్ మాత్రం ముట్టుకోకండి, నాకు బాల్‌పెన్నే ఇష్టం, కొట్టివేత కనబడాలి.

కోత పండుగకు చర్చిలో జరిగే వేలంలో పాడినవాళ్ళ బాకీలు వచ్చే పాఠంలో.

అభ్యాసం: గత 13 ఆదివారాల చీటీలు, పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టి తేడా ఉన్న ప్రతి వారానికీ కారణం రాయండి. గుర్తులేకపోతే ‘తెలియదు’ అని రాసి, ఆరోజు లెక్కపెట్టిన ఇద్దరి చేతా సంతకం చేయించండి.