ట్రైలర్ బండిని తోస్తోందా? కంట్రోలర్ కొనే ముందు గ్రౌండ్ వైర్ చూడండి

డాలస్‌కి ఉత్తరాన నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లలో కొందరు ఇప్పుడు ట్రాక్టర్లు కొంటున్నారు, మినీ ఎక్స్‌కవేటర్ అద్దెకు తెచ్చుకుంటున్నారు. వాటిని పికప్ వెనక ట్రైలర్ మీద వేసుకుని హైవే ఎక్కుతున్నారు. ఏదో తేడా అనిపించగానే నాకు ఫోన్ వస్తుంది. పదిలో ఎనిమిది ఫోన్లు ఇంటి ముందు పది నిమిషాలు చూసుకుంటే తేలిపోయేవే. ఆ పది నిమిషాలు పెట్టకుండా వందల డాలర్ల పార్టులు ఆర్డర్ చేస్తున్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి, పట్టని బ్రేకులతో పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తున్నారు. నా బాధ అది.

హిచ్ తగిలించడం, సేఫ్టీ చెయిన్లు క్రాస్‌గా వేయడం, ప్లగ్ పెట్టడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఇక్కడ చెప్పేది మామూలు బంపర్ పుల్ (పికప్ వెనక హిచ్‌కి తగిలించే) ఎక్విప్‌మెంట్ ట్రైలర్ గురించి: 14,000 పౌండ్ల రేటింగ్, రెండు యాక్సిల్స్, నాలుగు చక్రాలకూ ఎలక్ట్రిక్ బ్రేకులు, పికప్‌లో వాటికి కరెంటు పంపే కంట్రోలర్. పికప్ బెడ్ మధ్యలో తగిలించే గూస్‌నెక్ లెక్కలు వేరు.

లక్షణం: 55 మైళ్ల వేగం దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది

గాలి వల్ల అంటారు, టైర్ల వల్ల అంటారు. ముందు టంగ్ వెయిట్ చూడండి, అంటే హిచ్ బాల్ మీద పడుతున్న బరువు. ట్రైలర్, దాని మీద సరుకు కలిపిన మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. ఖాళీ ట్రైలర్ 3,500 పౌండ్లు, ఎక్స్‌కవేటర్ 8,000 అనుకుంటే మొత్తం 11,500. అప్పుడు బాల్ మీద కనీసం 1,150 పౌండ్లు పడాలి. యంత్రాన్ని కాస్త వెనగ్గా ఆపితే ఇది సగానికి పడిపోతుంది, ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది.

కళ్లతో చూసి అంచనా వేయకండి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పేసి ఒకసారి తూయించండి. పికప్ రెండు యాక్సిల్స్ మీద కలిపి ఎంత పెరిగిందో అదే మీ టంగ్ వెయిట్. తక్కువ వస్తే యంత్రాన్ని కొన్ని అంగుళాలు ముందుకు జరపండి, లేదా తిప్పి ఎక్కించి చూడండి. సరైన చోటు దొరికాక డెక్ మీద పెయింట్‌తో గీత గీసేయండి, మళ్లీ వెతుక్కునే పని ఉండదు. ట్రైలర్ ముక్కు పైకి లేచి ఉంటే బాల్ మౌంట్ కిందికి దించండి, డెక్ నేలకు సమాంతరంగా ఉండాలి.

దారిలో ఊగడం మొదలైతే బ్రేక్ పెడల్ తొక్కకండి, స్పీడ్ పెంచకండి, స్టీరింగ్ గట్టిగా తిప్పకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కంట్రోలర్ మీదున్న మాన్యువల్ లీవర్‌ని మెల్లగా నొక్కండి. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టి వెనక్కి లాగితే అది తిన్నగా అవుతుంది. ఆ లీవర్ నొక్కినప్పుడు నిజంగా బ్రేక్ పడుతుందా లేదా అన్నది ముందే తెలిసి ఉండాలి.

లక్షణం: పికప్ వెనక కుంగింది, స్టీరింగ్ తేలిగ్గా అనిపిస్తోంది

ప్రకటనల్లో చెప్పే టోయింగ్ అంకె పక్కన పెట్టి డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద పసుపు స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను, టంగ్ వెయిట్ అన్నీ కలిపి దాని మీదున్న పేలోడ్ (బండి మోయగల బరువు) అంకె దాటకూడదు. హాఫ్ టన్ పికప్‌లో నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే పేలోడ్‌లో సగం వాళ్లకే పోవచ్చు. తర్వాత రిసీవర్ (బాల్ మౌంట్ దూర్చే చదరపు గొట్టం) మీద లేబుల్ చూడండి. చాలావాటి మీద రెండు అంకెలు ఉంటాయి: మామూలు హిచ్‌కి ఒకటి, బరువుని ముందు యాక్సిల్‌కి కూడా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌కి ఇంకా పెద్దది. ఆ పెద్ద అంకె చూసి మామూలు హిచ్‌తో లాగేవాళ్లు ఎక్కువ. లెక్క కుదరకపోతే పెద్ద బండి తీసుకోవాలి. హెల్పర్ స్ప్రింగులు, ఎయిర్ బ్యాగులు వేస్తే బండి ఎత్తుగా కనిపిస్తుందే తప్ప రేటింగ్ పెరగదు.

లక్షణం: బ్రేక్ తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోస్తోంది

దీని గురించి ఎక్కువ చెప్పాలి.

అందరూ వదిలేసే పరీక్ష ముందు చేయండి. ఖాళీ రోడ్డు మీద, పొడి నేల మీద, 20 – 25 మైళ్ల వేగంలో పెడల్ ముట్టుకోకుండా మాన్యువల్ లీవర్ పూర్తిగా నొక్కండి. ట్రైలర్ బండిని గట్టిగా వెనక్కి లాగాలి. లాగితే గెయిన్ (ట్రైలర్ బ్రేకులకు ఎంత కరెంటు పంపాలో కంట్రోలర్‌కి చెప్పే సెట్టింగ్) సరిచూసుకుంటే చాలు. లాగకపోతే చక్రాలు జాకీ మీద లేపి బ్రేకులు అడ్జస్ట్ చేయండి. వాటంతటవే అడ్జస్ట్ అయ్యే రకం కాకపోతే కొత్త బ్రేకులకు మొదటి 200 మైళ్లకు ఒకసారి, తర్వాత ప్రతి 3,000 మైళ్లకు ఒకసారి ఇది చేయాలి. కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా చేయని ట్రైలర్లే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

అడ్జస్ట్ చేసినా పట్టకపోతే నూటికి తొంభై మంది కంట్రోలర్ పోయిందనుకుంటారు. అలా అనుకోవడానికి వాళ్లకు మంచి కారణాలే కనిపిస్తాయి. డాష్ మీద ‘ట్రైలర్ కనెక్టెడ్’ అని వస్తోంది. లైట్లన్నీ వెలుగుతున్నాయి. మీటర్ పెట్టి చూస్తే బ్రేక్ వైర్‌లో 12 వోల్టులు ఉన్నాయి. బ్రేకవే (ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేక్ వేసే ఏర్పాటు) పిన్ లాగితే చక్రాలు టక్కున పట్టేస్తున్నాయి. అంటే కరెంటు రాగానే బ్రేకుల్ని పట్టించే మాగ్నెట్లు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, కాబట్టి తప్పు కంట్రోలర్‌దేనని తీర్మానం. కొత్తది కొని పెడతారు. అప్పుడూ ట్రైలర్ తోస్తూనే ఉంటుంది.

ఈ తిప్పలు నేనూ చాలా పడ్డాను. తప్పు ప్లగ్ నుంచి ట్రైలర్ ఫ్రేమ్‌కి వెళ్లే తెల్ల గ్రౌండ్ వైర్‌ది, మన మెకానిక్‌లు ఎర్త్ అనేది. చాలా ట్రైలర్లలో ఈ వైర్‌ని టంగ్ (ట్రైలర్ ముందు కొస) దగ్గర ఒక చిన్న స్క్రూతో, పెయింట్ మీదే బిగించేస్తారు. రెండు చలికాలాలు, నాలుగు వానలు పడితే స్క్రూ కింద తుప్పు పడుతుంది. కరెంటు పూర్తిగా ఆగిపోదు, కొంచెం వెళ్తూ ఉంటుంది. కష్టమంతా అక్కడే.

పైన చెప్పిన ఒక్కో సాక్ష్యం ఎందుకు మోసం చేస్తుందో చూడండి. ఇప్పటి ట్రైలర్ లైట్లు ఎల్‌ఈడీలు, అతి తక్కువ కరెంటుతో వెలుగుతాయి, కాబట్టి తుప్పు పట్టిన గ్రౌండ్ కూడా వాటికి సరిపోతుంది. బ్రేక్ మాగ్నెట్‌కి ఒక్కోదానికి సుమారు 3 ఆంపియర్లు కావాలి, నాలుగింటికి 12. ఆ కరెంటు తుప్పులోంచి వెళ్లలేదు. డాష్ మీద వచ్చే మెసేజ్‌కి అటువైపు మాగ్నెట్ ఏదో తగిలి ఉంటే చాలు, అది ఎంత గట్టిగా పట్టుకుంటుందో దానికి తెలియదు. ప్లగ్ తీసేసి కొలిచిన 12 వోల్టులు కూడా అంతే, కరెంటు పారనప్పుడు వోల్టేజ్ పడిపోదు. ఇక బ్రేకవే: దాని బ్యాటరీ ట్రైలర్ మీదే ఉంటుంది, మైనస్ అదే ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది. ఆ చెడిపోయిన స్క్రూతో దానికి పనే లేదు, అందుకే బ్రహ్మాండంగా పట్టేస్తుంది. బ్రేకవే పట్టి కంట్రోలర్ పట్టకపోతే ముందు అనుమానించాల్సింది గ్రౌండ్‌ని, ఆ తర్వాతే కంట్రోలర్‌ని. (బ్రేకవే పరీక్ష చేసేటప్పుడు ముందు ఏడు పిన్నుల ప్లగ్ పీకేయండి, లేకపోతే కొన్ని కంట్రోలర్లు దెబ్బతింటాయి. కొన్ని సెకన్లకే పిన్ తిరిగి పెట్టేయండి.)

తేల్చుకోవడం ఇలా. డీసీ ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటర్ కావాలి. అన్ని క్లాంప్ మీటర్లూ డీసీ చూపించవు, చూసి కొనండి. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, గెయిన్ పూర్తిగా పెంచి, ఒకరు లోపల లీవర్ పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. మీరు ట్రైలర్ వైపు నీలం వైర్ చుట్టూ క్లాంప్ వేయండి. సాధారణంగా నీలం బ్రేక్‌ది, తెలుపు గ్రౌండ్‌ది. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ అయితే రంగుల్ని నమ్మకండి, మధ్యలో ఎవరు ఏం మార్చారో. 12కి దగ్గరగా వస్తే విద్యుత్ వైపు అంతా బాగున్నట్టే. ఐదో ఆరో వస్తే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని, ఒక కొస పికప్ ఫ్రేమ్‌కి, ఇంకో కొస ట్రైలర్ ఫ్రేమ్‌కి, రెండు చోట్లా మెరిసే లోహం మీద తగిలించండి. ఆంపియర్లు ఒక్కసారిగా పైకి లేస్తే దొంగ దొరికినట్టే: ప్లగ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య గ్రౌండ్.

కేబుల్ పెట్టినా కదలిక లేకపోతే యాక్సిల్ వైపు వెళ్లండి. అక్కడ నీలం రంగు క్లిప్పు కనెక్టర్లు ఉంటే ముందు వాటినే పీకండి, లోపల రాగి పచ్చగా మారిపోయి ఉంటుంది. సరిగ్గా 6 వచ్చి అక్కడే ఆగితే బహుశా ఒక యాక్సిల్‌కి కరెంటే వెళ్లడం లేదు.

బాగు చేయడం తేలికే, కాకపోతే శుభ్రంగా చేయాలి. స్క్రూ తీసేసి ఆ చోట పెయింట్, తుప్పు పోయేదాకా రుద్దండి. రింగ్ టెర్మినల్, స్టార్ వాషర్, నట్టుతో సరైన బోల్ట్ వేసి బిగించి, పైన గ్రీజు లేదా పెయింట్ పూయండి. నేనైతే అక్కడితో ఆగను. ప్లగ్ నుంచి యాక్సిల్స్ దాకా 10 గేజ్ తెల్ల వైర్ ఒకటి విడిగా లాగి, నాలుగు మాగ్నెట్ల గ్రౌండ్లనూ దానికే కలిపేస్తాను. మాగ్నెట్‌కి ఉన్న రెండు వైర్లలో ఏది ఎటు కలిపినా ఫరవాలేదు. జాయింట్లన్నీ హీట్ ష్రింక్ కనెక్టర్లతోనే. బరువు మోసే ఫ్రేమ్‌ని కరెంటు తీగలా కూడా వాడుకోవడం నాకు నచ్చదు.

నిజంగా కంట్రోలర్ పోవడం, యాక్సిల్ గొట్టం లోపల వైర్ ఒరుసుకుని షార్ట్ కావడం, డ్రమ్ములోకి గ్రీజు కారడం ఉంటాయి. అవి పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు.

మిగతావి

కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) గతుకుల్లో టకటకమంటే బాల్ సైజు చూడండి. 2 5/16 అంగుళాల కప్లర్ 2 అంగుళాల బాల్ మీద కూడా లాక్ పడినట్టే కనిపిస్తుంది, పెద్ద గతుకులో ఎగిరి ఊడిపోతుంది. లాక్ వేశాక ట్రైలర్ జాకీతో పైకి ఎత్తి చూడండి, పికప్ వెనక భాగం కూడా లేవాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు సైడ్‌వాల్ మీద రాసి ఉన్న గరిష్ఠ అంకె దాకా పెట్టండి, లోడ్ రేంజ్ ఈ అయితే అది సాధారణంగా 80 పీఎస్‌ఐ. చక్రం మార్చాక 10, 25, 50 మైళ్ల దగ్గర నట్లు మళ్లీ బిగించండి. నాలుగు హబ్‌లలో ఒకటే చేయి పెట్టలేనంత కాలుతుంటే బేరింగో, ఇరుక్కున్న బ్రేకో. దాన్ని అక్కడే ఆపి చూడాలి, ఇంటికి వెళ్లాక కాదు.

గ్రౌండ్ బాగయ్యాక

మళ్లీ లోడుతో హైవే ఎక్కే ముందు గెయిన్ తగ్గించండి. ఇన్నాళ్లూ బ్రేకులు పట్టక మీరు దాన్ని పైకి పెంచుకుంటూ వచ్చి ఉంటారు. ఇప్పుడు అదే అంకె మీద ట్రైలర్ చక్రాలు లాక్ అయి జారతాయి. సగం దగ్గర మొదలుపెట్టి, 20 – 25 మైళ్ల లీవర్ పరీక్ష చేస్తూ, చక్రాలు లాక్ అయ్యే అంకెకి కొంచెం కింద ఆపండి. ఆ అంకె లోడుతో ఉన్నప్పటిది. యంత్రం దించేసి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఇంకా తగ్గించాలి.