బాఫిల్ ఉన్న మోడల్ రాకెట్ ఎగరేసే ముందు

మోటార్ హుక్ (మోటారు జారిపోకుండా పట్టే కొక్కెం) గట్టిగా పట్టిందా? అన్నిటికంటే ముందు ఇదే చూడండి. బాఫిల్ అంటే పారాచూట్‌కు నిప్పురవ్వలు తగలకుండా ట్యూబులో అమర్చే రంధ్రాల పలకలు. అది దారికి అడ్డం కాబట్టి ఎజెక్షన్ (పారాచూట్‌ను బయటికి తోయడానికి మోటారు చేసే చిన్న పేలుడు) ఒత్తిడి కొంత వెనక్కీ తంతుంది. పట్టు వదులైతే మోటారే ఊడిపోతుంది, పారాచూట్ లోపలే ఉండిపోతుంది, రాకెట్ ముక్కు నేలకేసి దిగిపోతుంది.

మోటార్ పెట్టకముందే వెనక నుంచి ఊదండి. గాలి ఆడకపోతే రంధ్రాల్లో మసి పేరుకుందన్నమాట. నోస్ కోన్ (రాకెట్ ముక్కు, ఇది ఊడితేనే పారాచూట్ బయటికొస్తుంది) తీసి, రాకెట్‌ను తలకిందులు చేసి తడితే నల్లటి పొక్కులు రాలతాయి. నేనైతే ప్రతిసారీ తడతాను.

ట్యూబులోంచి వెలుతురు సూటిగా కనిపిస్తోందా? పలకల రంధ్రాలు ఎదురెదురుగా ఉన్నట్టే. వాయువు మెలికలు తిరిగితేనే నిప్పురవ్వలు పలకకు కొట్టుకుని ఆగుతాయి. రంధ్రాలు ఎదురెదురుగా ఉంటే ఆ రోజుకు వాడింగ్ (పారాచూట్ కాలకుండా దాని కింద కుక్కే, మంట అంటుకోని కాగితం) వేసుకోక తప్పదు.

షాక్ కార్డ్ (నోస్ కోన్‌ను రాకెట్‌తో కలిపి ఉంచే తాడు) బాఫిల్‌కే కట్టి ఉంటే ముడి దగ్గర గోటితో గీకండి. పెళుసుగా ఉంటే మార్చేయండి.

నోస్ కోన్ బిగుసుకుపోకూడదు.