ఆర్థిక చరిత్ర క్లాసులో లెక్కలు ఎలా చెప్పాలి

ఒక అంశం మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే రిగ్రెషన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ముందు ప్రశ్న వేయండి: 1929-33 మధ్య అమెరికాలో ధరలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి కదా, మరి కార్మికులు బాగుపడ్డారా? సగటు కూలి 100 నుంచి 80కి, ధరల సూచీ 100 నుంచి 75కి తగ్గాయనుకుని, 80ని 75తో భాగించి వందతో గుణించమని విద్యార్థులకే చెప్పండి. 106.7 వస్తుంది, అంటే నిజ వేతనం (ఆ కూలితో కొనగలిగే సరుకు) పెరిగినట్టు! అక్కడే ఆపి, ఉద్యోగం పోయినవాళ్లు ఈ లెక్కలో ఎక్కడున్నారో వెతకమనండి, ఎందుకంటే 1933లో శ్రామికుల్లో సుమారు నాలుగో వంతు మందికి పనే లేదు. ఆ సగటు ఎవరిదో అడగడం అలవాటైతే సగం స్టాటిస్టిక్స్ వచ్చేసినట్టే అని నా నమ్మకం.

స్ప్రెడ్‌షీట్, లాగ్ స్కేల్ (సమాన దూరం సమాన రెట్ల పెరుగుదలను చూపే) గ్రాఫులు ఆ తర్వాతే.

చర్చకైతే ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ ఫోగెల్‌ను మించింది లేదు. 1890 నాటి అమెరికాలో రైళ్లే లేకపోతే సరుకు రవాణాకి అదనంగా ఎంత ఖర్చయ్యేదో ఆయన లెక్కగట్టారు, 1993లో మరో ఆర్థిక చరిత్రకారుడు డగ్లస్ నార్త్‌తో కలిసి ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. కాలువల గురించి, బండ్ల ఖర్చు గురించి ఆయన ఏం ఊహించారో ఒక్కో గ్రూపుకి ఒక్కోటి ఇచ్చి, దాన్ని మార్చితే జవాబు ఎంత కదులుతుందో చూడమనండి.

మార్కులు లెక్కల కోసం రాసిన కోడ్‌కి కొన్నే ఇవ్వండి. ఆ అంకెలు ఎవరు, ఎందుకు సేకరించారో రాసిన పేరాకి ఎక్కువ ఇవ్వండి.