బొమ్మల పుస్తకంతో ‘బ’ నేర్పడం

పిల్లలకు అక్షరం నేర్పాలనుకోగానే మనలో చాలామంది పలక చేతికిచ్చి ‘అ’ నుంచి వరుసగా దిద్దించడం మొదలుపెడతాము. మూడు నాలుగేళ్ల బిడ్డకు ఆ గీతలు దేనికోసమో తెలియదు. తనకు తెలిసిన మాట ముందు చెవిన పడాలి, ఆ మాటలో మొదటి ధ్వని విడిగా వినబడాలి, ఆ తరువాతే ఆ ధ్వనికి గుర్తుగా అక్షరం కంటికి కనబడాలి. ఈ వరుసను తప్పకుండా నిలబెట్టగలిగేది మంచి బొమ్మల పుస్తకం. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల అంగన్‌వాడీ టీచర్లకూ తల్లిదండ్రులకూ ఉపయోగపడేలా ‘బ’ అనే ఒక్క అక్షరాన్ని తీసుకొని ఈ పద్ధతిని వివరిస్తాను.

‘బ’ను ఎంచుకోవడానికి కారణం ఉంది. బర్రె, బడి, బస్సు, బట్టలు, బల్లి, బలపం, బచ్చలికూర, బత్తాయి, బతుకమ్మ అనేవన్నీ ఇక్కడి పిల్లలు రోజూ చూసేవి, లేదా ఏటా ఎదురుచూసేవి. పైగా ఈ అక్షరానికి తలకట్టు లేదు కాబట్టి ఆకారం కంటికి సులభంగా పడుతుంది. బతుకమ్మ పండుగ దగ్గరపడే రోజుల్లో ఈ పాఠం పెట్టుకుంటే, ఇంట్లో వినే మాటా పుస్తకంలో కనిపించే మాటా ఒకటే అవుతాయి.

మాటలను ఎంచేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. తెలుగులో అక్షరం అచ్చుతో కలిసే పలుకుతుంది, గుణింతం మారితే రూపమూ మారుతుంది. బాతు, బావి, బుట్ట, బెల్లం, బొమ్మ అన్నీ ‘బ’ మాటలే కదా అని పెద్దలకు అనిపిస్తుంది కాని, బిడ్డ చెవికి వినిపించేది ‘బా’, ‘బు’, ‘బె’, ‘బొ’, పేజీ మీద కనిపించేదీ అదే. ‘బ’ను చూపించి బాతు బొమ్మ పెడితే, చూసిన గుర్తుకూ విన్న ధ్వనికీ పొత్తు కుదరదు. బండి, బంతి వంటి మాటల్లో సున్న కలిసి ఉంటుంది కాబట్టి వాటినీ కొన్నాళ్లు ఆపాలి. మొదటి వారం గుణింతపు గుర్తు గాని, సున్న గాని లేని అచ్చమైన ‘బ’తో మొదలయ్యే మాటలకే పరిమితం కావడం మంచిది.

రెండో జాగ్రత్త ఇంటి మాట గురించి. చాలా పుస్తకాల్లో బర్రె బొమ్మ కింద ‘గేదె’ అని, ఆలుగడ్డ బొమ్మ కింద ‘బంగాళాదుంప’ అని అచ్చయి ఉంటుంది. మన పిల్లవాడు ఆ బొమ్మను చూసి ‘ఆలుగడ్డ’ అంటాడు, అతనికి మొదట వినిపించేది ‘ఆ’. అది తప్పు కాదు, దిద్దవలసిన అవసరమూ లేదు. అటువంటి పేజీ వచ్చినప్పుడు బిడ్డ మాటనే అంగీకరించి ముందుకు సాగాలి, లేదా చిన్న కాగితం మీద ‘బర్రె’ అని పెద్దగా రాసి అచ్చయిన మాట మీద అతికించాలి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే పిల్లల ఇంటి భాష లంబాడీ. నీళ్లను ‘పాణి’ అనే బిడ్డకు తెలుగు మాట ముందు పరిచయం కావాలి, ధ్వని పాఠం ఆ తరువాతే. ఆ పిల్లలకు బొమ్మలోని వస్తువును చేతికిచ్చి, తెలుగు పేరు రెండు మూడు రోజులు వాడుకలో వినిపించిన తరువాతే మొదటి ధ్వనిని అడగడం న్యాయం.

పుస్తకంలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉండాలి, అక్షరాలు పెద్దవిగా, అలంకారాలు లేకుండా ఉండాలి, మనకు కావలసిన మాట కథలో మళ్లీ మళ్లీ రావాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో బొమ్మ ఉండే వర్ణమాల పుస్తకం కంటే, బర్రె చుట్టూనో బస్సు చుట్టూనో తిరిగే చిన్న కథ మేలని నా అభిప్రాయం. కథలో ఆ మాటకు పని ఉంటుంది కాబట్టి బిడ్డ దాన్ని మరచిపోడు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఏదీ అందకపోతే నాలుగు కాగితాలు కుట్టి, బర్రె బడి దాకా నడిచి వచ్చిన కథను మీరే బొమ్మలతో తయారు చేసుకోవచ్చు.

మొదటి రోజు అక్షరం ఊసు ఎత్తకూడదు. అయిదారుగురు పిల్లలను దగ్గరగా కూర్చోబెట్టుకొని, పుస్తకం అందరికీ కనబడేలా పట్టుకొని, మాటల కింద ఎడమ నుంచి కుడికి వేలు కదుపుతూ కథను ఆపకుండా చదవాలి. రెండోసారి చదివేటప్పుడు ‘బర్రె యాడికి పోతున్నది?’ అని వాళ్ల యాసలోనే అడిగి మాట్లాడించాలి.

మరునాడు చెవికి పని చెప్పాలి. బొమ్మ చూపి బ-ర్రె అని రెండు చప్పట్లు, బ-త్తా-యి అని మూడు, బ-తు-క-మ్మ అని నాలుగు కొట్టించి, ప్రతిసారీ మొదటి చప్పట్టును గట్టిగా కొట్టించాలి. ఇక్కడ పెద్దలు తెలియకుండా చేసే పని ఒకటుంది. బాగా వినిపించాలని ‘బ’ను సాగదీస్తే అది ‘బా’ అవుతుంది, అంటే మరో అక్షరాన్ని నేర్పినట్లు అవుతుంది. అందువల్ల పొట్టిగా, తెగినట్లు పలకాలి. తరువాత ‘బడి, బస్సు, మేక’ అని చెప్పి, వేరుగా మొదలయ్యేది ఏదో అడగాలి. ‘బర్రెలాగే మొదలయ్యే మాట చెప్పు’ అంటే కొందరు ‘గొర్రె’ అంటారు. చివర ఒక్కతీరుగా ఉన్నదని ఆ బిడ్డ చెవి పట్టుకుంది, అది మంచి గుర్తే. ‘చివర ఒక్కతీరుగనే ఉన్నది, ఇప్పుడు మొదలు విందాం’ అని రెండు మాటల మొదటి ధ్వనులనూ పలికి వినిపిస్తే చాలు.

పిల్లలకు ధ్వని స్థిరపడిందని తోచిన తరువాతే పుస్తకంలో ‘బర్రె’ అన్న మాట మీద మొదటి అక్షరాన్ని వేలితో చూపి, ‘బ’ అని పలకాలి. అదే పేజీలో ఇంకెక్కడ ఉందో వెతకమనాలి. ‘కబడ్డీ’లో నడుమ ఉన్న ‘బ’ను పిల్లలే కనిపెడితే ఆ సంతోషాన్ని తొందరపడి ముగించకండి. ‘బుట్ట’లోని ‘బు’ను ఎవరైనా చూపితే ‘దీనికి కొమ్ము ఉన్నది, దీని పేరు బు’ అని ఒక్క మాటతో సరిపెట్టాలి. ‘భ’ను ఈ వారం ‘బ’తో పాటు చూపించకూడదు, పోలికా పలుకుబడీ దగ్గరగా ఉండి పిల్లలు తికమకపడతారు.

రాయించడానికి తొందర వద్దు. మూడేళ్ల వేళ్లకు బలపం మీద ఇంకా పట్టు ఉండదు కాబట్టి పళ్లెంలో పరచిన ముగ్గుపిండిలోనో, ఇసుకలోనో వేలితో రాయించడమే సరైనది. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా భావించి, ఆటలతో నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది.

నేర్చుకున్నారో లేదో తెలియాలంటే ఇంతవరకు చూడని పుస్తకం తెరిచి ‘బ’ను వెతకమనండి. పాత పుస్తకంలో బొమ్మను బట్టి మాటను గుర్తుపెట్టుకొని చెప్పే వీలుంటుంది, కొత్త పుస్తకంలో ఆ వీలుండదు. అక్కడ చూపగలిగిన బిడ్డకు తరువాతి వారం పత్తి, పల్లి, పలక, పప్పు మాటలతో ‘ప’ను మొదలుపెట్టవచ్చు. ‘మ’, ‘వ’ ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక ఆ రెంటినీ వెంటవెంట నేర్పకుండా, నడుమ రెండు మూడు వారాల ఎడం ఉంచండి.