జవాబు తెలిసినా గళ్ళలో పట్టడం లేదా? ఆదివారం ప్రహేళికకు సమస్య - పరిష్కారం

గడినుడి అనండి, గళ్ళ నుడికట్టు అనండి, పదబంధ ప్రహేళిక అనండి, ఇంగ్లీషులో క్రాస్‌వర్డ్ అనండి, ఆదివారం వచ్చేదానికి ఒక ప్రత్యేకత ఉంటుంది. దానికి ఒక శీర్షిక ఉంటుంది. అందులోని ముఖ్యమైన జవాబులన్నీ ఒకే చమత్కారానికి కట్టుబడి ఉంటాయి. ఈ ఆట పుట్టింది కూడా ఆదివారమే. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ మొదటి గళ్ళను అచ్చువేయించాడు. న్యూయార్క్ టైమ్స్ 1942లో మొదలుపెట్టింది, అదీ ఆదివారమే. ఆ పత్రికలో మామూలు రోజుల గడి 15 వరుసలైతే ఆదివారం గడి 21 వరుసలు. అది పెద్దదే కానీ అన్ని రోజులకన్నా కఠినమైనది కాదు. అక్కడి శనివారం గడి దానికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకు ఈ వ్యసనం రెండు వైపుల నుంచి అంటుకుంది. ఇక్కడి నుంచి వెలువడే ది హిందూలో 1971 నుంచి ఇంగ్లీషు గళ్ళు వస్తున్నాయి. తెలుగులో ప్రహేళికలు కూర్చిన శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ ఈ ఊళ్ళోనే చాలాకాలం ఉన్నారు. మా టి. నగర్ మిత్రుల కోసం ఆదివారాలు నేను గళ్ళు కూరుస్తుంటాను. ఎవరు ఎక్కడ ఆగిపోతారో దగ్గరనుంచి చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ‘బయల్దేరిన బంధువులు’ అనే పేరుతో నేను కూర్చిన గడిలోవే.

సమస్య: ఎంతసేపు చూసినా ఒక్క గడీ నిండడం లేదు

ఒకటి అడ్డంతో మొదలుపెట్టి వరుసగా వెళ్ళడం దీనికి ఒక కారణం. ఆధారాన్ని, అంటే జవాబుకు దారి చూపే వాక్యాన్ని, మామూలు వాక్యంలా చదివి, దాని భావం గురించి ఆలోచిస్తూ కూర్చోవడం అంతకన్నా పెద్ద కారణం. చమత్కారపు ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి జవాబుకు అర్థం, రెండోది జవాబును అక్షరాలతో తయారుచేసే సూచన. అర్థం దాదాపు ఎప్పుడూ వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, నడిమధ్యలో ఉండదు.

ఈ ఆధారం చూడండి: “నవల చెదిరిన కారణంగా (3)”. చివరి అంకె జవాబుకు ఇచ్చిన గళ్ళ సంఖ్య. నవల పుటలు గాలికి ఎగిరిపోయినట్టు బొమ్మ కడుతుంది. ఆ బొమ్మను పక్కన పెట్టండి. చివరి మాట ‘కారణంగా’ అర్థం. ‘నవల’ ముడిసరుకు. ‘చెదిరిన’ అనేది పని. న, వ, ల చెదిరితే వలన. కారణంగా అన్నా వలన అన్నా ఒకటే.

అందుచేత మొదటి విడతలో జవాబుల కోసం వెతకవద్దు. పెన్సిలుతో ఆధారాలన్నిటి మీదా ఒక్కసారి వెళ్ళి, పని చెప్పే మాటల కింద గీత గీయండి. చెదిరిన, కకావికలైన, తారుమారైన అంటే అక్షరాల వరస మార్చాలి. వెనక్కి, తిరిగిన, తలకిందులైన అంటే తిప్పి చదవాలి. “తల వెనక్కి తిప్పితే తీగ (2)” అంటే లత. తలకిందులు అనే మాట నిలువు ఆధారాల్లోనే న్యాయం. అడ్డంలో అక్షరాలు పక్కపక్కన ఉంటాయి, వాటికి పైనా కిందా ఉండవు. “తల తెగిన కోతి నాడి (2)” అంటే వానరంలో మొదటి అక్షరం పోయి నరం మిగిలింది. “తోక తెగిన కుంభం నిద్రలో వచ్చేది (2)” అంటే కలశం చివర పోయి కల మిగిలింది. “దీర్ఘం పోయిన పాలు అనేకం (2)” అంటే పలు. ఈ చివరి రకం తెలుగులాంటి లిపులకే చెల్లింది. కొమ్ము, దీర్ఘం, ఒత్తు, సున్నా, ఇవన్నీ కూర్పరి చేతిలో పనిముట్లే.

సమస్య: ఆధారంలో పని చెప్పే మాటే కనిపించడం లేదు

కారణం ఏమిటంటే ఆ మాట విభక్తిలో దాక్కుని ఉంటుంది. “గోవా నడివీధిలో కురిసేది (2)” అన్నది తీసుకోండి. చెదరడం లేదు, తిరగడం లేదు, తల నరకడం లేదు. కానీ ‘లో’ ఉంది. గోవా నడివీధి అనే అక్షరాల వరుస లోపల, రెండు మాటల అతుకు దగ్గర, ‘వా’ పక్కనే ‘న’ ఉంది. వాన.

ఇంగ్లీషు గళ్ళు పూరించి వచ్చినవాళ్ళు ఇక్కడే ఎక్కువగా తడబడతారు. అక్కడ సూచన విడి మాటగా నిలబడి కనిపిస్తుంది, మనకు ప్రత్యయమై మాటను అంటిపెట్టుకుంటుంది. కాబట్టి లో, నుంచి, తో, లేని, లేక ఉన్నచోటల్లా ఒక్క క్షణం ఆగి, మాటల మధ్య ఖాళీలు తీసేసి అక్షరాలను గడగడా చదవండి. పైకి చదివితే మరీ మంచిది. కంటికి కనబడనిది చెవికి అందుతుంది.

సమస్య: జవాబు తెలుసు, గళ్ళ సంఖ్య సరిపోవడం లేదు

అసలు ఆట ఇక్కడుంది. ముందు మామూలు కారణాన్ని కొట్టేయాలి. తెలుగు గడిలో ఒక్కో గడికి ఒక్కో అక్షరం, అంటే గుణింతాలతో, ఒత్తులతో సహా. సున్నా ముందు అక్షరంతోనే ఉంటుంది. స్వాతంత్ర్యం చూడటానికి ఎంత బరువుగా ఉన్నా దానికి మూడు గళ్ళు చాలు. పొల్లు హల్లుకు మాత్రం సాధారణంగా విడి గడి ఇస్తారు. టి. నగర్ అని రాయాలంటే నాలుగు కావాలి. పుస్తకం మూడు గళ్ళు, పుస్తకము నాలుగు. ఒక గడి తేడా వచ్చిందంటే ముందుగా ఈ చివరి ‘ము’నే అనుమానించండి.

లెక్క సరిగానే ఉండి, అయినా రెండు గళ్ళు తక్కువైతే? అప్పుడు సంతోషించండి. శీర్షికలోని చమత్కారం తలుపు తీస్తున్నది అక్కడే.

మా గడిలో ఒక అడ్డం ఆధారం “రత్నగిరిపై సత్యదేవుని సన్నిధి (2)”. అన్నవరం అని చిన్నపిల్లలైనా చెబుతారు. కానీ అ, న్న, వ, రం నాలుగు అక్షరాలు. ఇచ్చినవి రెండే గళ్ళు. చాలామంది ఇక్కడ తమ జవాబునే అనుమానించి, సత్యదేవుడికి ఇంకో ఊరు వెతకడం మొదలుపెడతారు. అది చేయవద్దు. అర్థం అంత కచ్చితంగా కుదిరినప్పుడు జవాబును వదలకుండా పట్టుకుని, నిలువు ఆధారాలు ఏమంటున్నాయో చూడండి. మొదటి గడిలోంచి కిందికి దిగేది ‘వలన’, దాని తొలి అక్షరం వ. రెండో గడిలో ముగిసేది ‘నరం’, దాని తుది అక్షరం రం. గళ్ళలో నిలిచింది ‘వరం’. అన్నవరంలో వరం ఉంది. మరి పోయిందేమిటి? అన్న.

ఒక్క ఉదాహరణతో నిర్ణయానికి రాకూడదు, రెండోది కావాలి. “సాయంత్రం దుకాణదారు లెక్క చూసుకునేవి (2)”. అమ్మకాలు. నాలుగు అక్షరాలు, రెండు గళ్ళు. అమ్మ వెళ్ళిపోతే కాలు మిగిలింది. ఇప్పుడు శీర్షిక మళ్ళీ చదవండి, ‘బయల్దేరిన బంధువులు’. ఇక మిగతావాటిని ఎదురెళ్ళి పట్టుకోవచ్చు. “ఏడుకొండల కింది ఊరు (2)” అంటే తిరుపతిలో పతి పోయి తిరు. చెన్నైలో ఆ మిగిలిన మాట ప్రతి ఆహ్వానపత్రిక మీదా పురుషుల పేర్లకు ముందు కనిపిస్తుంది, అందుకే దాన్ని ఎంచుకున్నాను. “చెన్నమల్లికార్జునుణ్ణి భర్తగా భావించిన వచన కవయిత్రి (4)” అంటే 12వ శతాబ్దపు అక్కమహాదేవి. అక్క పోయింది, మహాదేవి ఉంది.

పోయింది ఒక పదం, మిగిలింది కూడా ఒక పదం కావాలి. మంచి కూర్పరి ఈ నియమం తప్పడు. చందమామలో మామను తీస్తే చంద మిగులుతుంది, అది పదంగా నిలబడదు. అందుకే ఎంత ఆశగా ఉన్నా దాన్ని గడిలో పెట్టలేదు. పూరించేవాళ్ళకు కూడా ఈ నియమం పనికొస్తుంది. మీరు ఊహించిన చమత్కారం ప్రకారం మిగిలినది పదం కాకపోతే, ఊహను మార్చుకోండి.

సమస్య: ఒక మూల మాత్రం ఎంతకీ కదలడం లేదు

ఇలాంటప్పుడు ఆ మూలలో మీకు తెలియని జవాబు కారణం కావడం అరుదు. మీరు నిశ్చింతగా రాసేసిన జవాబే ఎక్కువసార్లు దోషి. పైన చెప్పిన నవల ఆధారానికే మా మిత్రుల్లో ఒకరు ‘మూలంగా’ అని రాశారు. కారణంగా అంటే మూలంగా, మూడు అక్షరాలు, అర్థం అచ్చంగా సరిపోయింది. కానీ అది రాస్తే ఆధారంలో ‘నవల’కు, ‘చెదిరిన’కు పనే లేదు. ఆ ‘మూ’ వచ్చి వరం మొదటి గడిలో కూర్చుంది. అన్నవరం తెలిసి కూడా వారు ఆ మూల దాటలేకపోయారు.

దీనికి మందు సులువే. ఆ మూలలో ప్రతి జవాబు పక్కనా ఒక ప్రశ్న వేయండి: ఆధారంలోని ప్రతి మాటకూ పని దొరికిందా? దొరకనిదాన్ని, ఎంత నచ్చినా, రబ్బరుతో చెరిపేయండి. చెరిపిన తర్వాత కొంతసేపు కాగితం పక్కన పడేసి, కాఫీ కలుపుకుని రండి. పట్టుదలగా చూస్తూ కూర్చుంటే చెరిపిన మాటే మళ్ళీ మళ్ళీ కనబడుతుంది.

సమస్య: అడ్డం ఒకటంటుంది, నిలువు ఒకటంటుంది

రెండు జవాబులూ సరైనవే అనిపిస్తున్నా కలిసే గడిలో ఒకచోట ద, ఒకచోట ధ వస్తున్నాయి. ఇది వర్ణక్రమం సమస్య. ఇక్కడ పుట్టిపెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవి ద్వారా వచ్చింది, బడిలో చదివింది తమిళం. తమిళ లిపిలో ఒత్తు అక్షరాలు వేరుగా లేవు. అందుకని బాధను భాద అని రాస్తారు, శ, ష, సలను కలిపేస్తారు. వాళ్ళను తప్పుపట్టాల్సిందేమీ లేదు. నిజానికి ఒత్తులు నేర్పడానికి ఈ ఆటకన్నా మంచి సాధనం నేను చూడలేదు. కలిసే గడి ఒప్పుకోకపోతే ఏ నిలువు ఆధారంలో అక్షరాలు బయటికి కనబడుతున్నాయో చూసి, దాన్ని ప్రమాణంగా తీసుకోండి. చెదిరిన, దాగిన రకాల్లో అక్షరాలు కళ్ళముందే ఉంటాయి, అక్కడ పొరపాటుకు చోటు లేదు.

ఇంకొక సంగతి. ఇంగ్లీషులో ఒక గడి తెలిస్తే దక్కేది ఇరవైయారింటిలో ఒక్క అక్షరం. తెలుగులో ఒక్క ‘ట్ట’ దొరికితే సగం నిఘంటువు తప్పుకుంటుంది. “వచ్చినవాళ్ళు ఎక్కువ రోజులు ఉండకపోతే (5)” అన్నదానికి రెండో గడిలో ‘ట్ట’ ఉందని తెలియగానే చుట్టపుచూపు తట్టినవాళ్ళున్నారు. కాబట్టి ద్విత్వాక్షరం, సంయుక్తాక్షరం పడే గళ్ళను ముందు సాధించండి.

సమస్య: మాట తయారైంది, అలాంటి మాట ఎప్పుడూ వినలేదు

అది బహుశా సరైనదే. మూలలో ఇరుక్కున్నప్పుడు కూర్పరులు పాత మాటలను ఆశ్రయిస్తారు. “లక్ష్మి తలకిందులైతే యంత్రం (2)” అన్నప్పుడు రమను తిప్పి ‘మర’ రాయడానికి కుర్రవాళ్ళు సందేహిస్తారు, పిండిమర గుర్తుచేస్తే నమ్ముతారు. ముందు అక్షరాలతో మాట కట్టుకుని, తర్వాత నిఘంటువులో సరిచూసుకోండి. అర్థం పట్టుకుని నిఘంటువులోకి వెళితే పర్యాయపదాల అడవిలో తప్పిపోతారు.

సమస్య: గళ్ళన్నీ నిండాయి, చమత్కారం మాత్రం అర్థం కాలేదు

నిలువు ఆధారాల సాయంతోనే ముఖ్యమైన జవాబులు పడిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. గడి నిండింది కదా అని వదిలేయవద్దు, సగం ఆనందం ఇంకా లోపలే ఉంది. ఆధారానికీ జవాబుకూ పొంతన లేనివాటిని విడిగా ఒక కాగితం మీద రాయండి: వరం, కాలు, తిరు, మహాదేవి. ప్రతిదాని పక్కనా ఆధారం కోరిన పూర్తి మాట రాయండి. తేడాగా ఉన్న అక్షరాలను చుట్టండి. చాలా ఆదివారం గళ్ళలో చమత్కారాన్ని బయటపెట్టే జవాబు ఒకటి ఉంటుంది, తరచుగా చివరి వరుసల్లో. మా గడిలో అది చుట్టపుచూపు.

ఇంత చేసినా పొంతన కుదరకపోతే కూర్పరి పొరపాటు కూడా కావచ్చు. గళ్ళ సంఖ్య తప్పు పడటం, అచ్చులో ఒత్తు జారిపోవడం ఉన్నవే. వచ్చే ఆదివారం జవాబులు వచ్చినప్పుడు, నిండనివాటితో పాటు ఎందుకో తెలియకుండా నింపినవాటినీ సరిచూసుకోండి. అప్పటికీ ఆధారంలో పని లేని మాట మిగిలితే, ఏ ఆధారమో, ఏ మాటో స్పష్టంగా రాసి కూర్పరికి ఉత్తరం పంపండి.