చికిత్సా గృహాన్ని నడపడం: మనసు గాయపడిన పిల్లల మధ్య పెద్దలు ఎలా ఉండాలి

కన్నవారి దగ్గర భద్రత లేక ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చి, ఒక పెంపుడు కుటుంబం నుంచి ఇంకొక కుటుంబానికి మారుతూ ఎక్కడా నిలదొక్కుకోలేకపోయిన పిల్లలు అక్కడే ఉంటూ కోలుకోవడం కోసం చికిత్సా గృహాలను ఏర్పాటు చేస్తారు. కౌన్సెలింగ్‌కు కేటాయించే గంట అవసరమే అయినా, మిగిలిన వేళల్లో పెద్దలు మాట మీద నిలబడే తీరే ఈ పిల్లలకు అసలైన చికిత్స అని నా దృఢమైన అభిప్రాయం. అందుకే గృహం నడిపేవారు ముందుగా దినచర్యను, డ్యూటీ పట్టికను చక్కదిద్దుకోవాలి.

కొత్తగా ఒకరిని చేర్చుకునే ముందు, అప్పటికే అక్కడున్న పిల్లలతో వారికి పొసగుతుందో లేదో ఆలోచించండి. తరచూ దాడికి దిగే వారిని, సులభంగా భయపడిపోయే వారిని ఒకే చోట ఉంచితే ఇద్దరికీ నష్టమే. పొసగదని తేలితే, ఎంత ఒత్తిడి వచ్చినా కారణాలు రాసి నిరాకరించండి.

చేరిన ప్రతి ఒక్కరికీ ప్రత్యేకంగా ఒక సంరక్షకుణ్ణి కేటాయించండి. ఫైలులో పాత ఘటనలతో పాటు, ఏ శబ్దానికి, ఎలాంటి స్పర్శకు, ఏ వేళకు ఆ బిడ్డ బెదురుతుందో వెతికి, తెలిసినదాన్ని అన్ని షిఫ్టుల వారికీ చెప్పండి. ఈ రాత్రి ఎవరు మేలుకొని ఉంటారో, పొద్దున ఎవరు వస్తారో పిల్లలకు ముందే తెలియాలి.

అన్నిటికన్నా కష్టమైనది రాత్రి. చీకటి పడ్డాక హింసను అనుభవించిన పిల్లలకు పడుకోమని చెప్పడమే ప్రమాద సూచనగా తోచవచ్చు. అలాంటప్పుడు అరుపులు, గొడవలు, గది విడిచి తిరగడం కనిపిస్తాయి. లైటు వేసి ఉంచడం, తలుపు తట్టి అనుమతి అడిగాకే లోపలికి వెళ్లడం, రోజూ ఒకే వరుసలో పనులు ముగించడం మేలు చేస్తాయి. ఆకలి తెలిసిన పిల్లలు పరుపు కింద తిండి దాచుకుంటే దాన్ని దొంగతనంగా చూడవద్దు. అడగకుండానే తీసుకోగలిగే చోట కొంత ఆహారం ఎప్పుడూ ఉంచండి. కుటుంబ సభ్యులు వచ్చి వెళ్లాక ప్రవర్తన చెడితే, ఆ భేటీలను శిక్షగా రద్దు చేయకండి. పారిపోయి తిరిగివచ్చిన వారికి ముందు భోజనం పెట్టి, దెబ్బలేమైనా తగిలాయేమో చూడండి. విచారణ ఆ తర్వాత.

బలవంతంగా పట్టి ఆపడం, ప్రాణానికో శరీరానికో తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు, శిక్షణ పొందినవారు, వీలైనంత తక్కువ సేపు మాత్రమే చేయవలసిన చివరి చర్య. శ్వాసకు అడ్డుపడేలా బోర్లా పడవేసి అదమడం ప్రాణాంతకం. పట్టి ఆపవలసి వచ్చిన తర్వాత వైద్య పరీక్ష చేయించి, బిడ్డతోనూ సిబ్బందితోనూ విడివిడిగా మాట్లాడి, జరిగింది జరిగినట్టు నమోదు చేయండి. మందులను సిబ్బంది సౌకర్యం కోసం వాడకూడదు; మానసిక వైద్యుడు వాటిని క్రమం తప్పకుండా సమీక్షించాలి.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 25వ అధికరణం సంరక్షణలో ఉన్న పిల్లల పరిస్థితిపై నియమిత కాలాల్లో సమీక్ష కోరుతుంది. 12వ అధికరణం వారి అభిప్రాయానికి విలువ ఇవ్వమంటుంది. కాబట్టి సమీక్షా సమావేశంలో పిల్లలకు చోటు ఉండాలి.

సిబ్బందికి తరచూ పర్యవేక్షకులతో మాట్లాడుకునే సమయం ఇవ్వండి. అలసి మానేసే ప్రతి ఉద్యోగీ పిల్లలకు మరో వియోగమే. బిడ్డ గృహం విడిచే రోజుకు చాలా ముందుగానే కొత్త నివాసానికి రాకపోకలు మొదలుపెట్టి, వెళ్లిన తర్వాత కూడా పాత సంరక్షకుడు ఫోను చేసే రోజును ఇప్పుడే పట్టికలో రాసి ఉంచండి.