టీబీ పరీక్ష, నిక్షయ్ పోషణ్ డబ్బు: ఎక్కడికి వెళ్లాలి, ఏం ఇవ్వాలి

రెండు వారాలైనా దగ్గు తగ్గడం లేదా? సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోందా, బరువు తగ్గుతున్నారా? మందుల షాపులో సిరప్ కొంటూ రోజులు గడపకండి. దగ్గర్లోని పీహెచ్‌సీకో, బస్తీ దవాఖానాకో వెళ్లి తెమడ పరీక్ష కావాలని అడగండి. దారి తెలియకపోతే మీ ఆశా కార్యకర్తను అడగండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం. ఆధార్ చేతిలో లేదని పరీక్ష వాయిదా వేసుకోవద్దు.

మామూలుగా రెండు నమూనాలు అడుగుతారు. ఒకటి అక్కడే, రెండోది మర్నాడు నిద్ర లేవగానే. నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ కావాలి. ఉత్త ఉమ్మి ఇస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. తెమడను పరీక్షించే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలైతే ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పని చేస్తుందో లేదో కూడా చెబుతాయి.

టీబీ అని తేలితే మీ పేరు టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. టీబీ ఉన్నవాళ్ల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బుకు అసలు దరఖాస్తు ఇదే. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్, ఫోన్ నంబరు ఇచ్చి, నిక్షయ్ ఐడీ, అంటే మీ నమోదు నంబరు, రాయించుకోండి. ప్రైవేటులో చూపించుకునేవాళ్లకూ ఈ హక్కు ఉంది. టీబీ కేసుల వివరాలు ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి తప్పనిసరి కాబట్టి, ఐడీ ఇవ్వమని డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి.

2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఈ సాయం 2024 నవంబరు నుంచి 1,000 అయింది. నెలనెలా కాకుండా మూడేసి నెలల డబ్బు కలిపి, చికిత్స మొదట్లో 3,000, 84 రోజులు పూర్తయ్యాక మరో 3,000 ఖాతాలో పడతాయి. ఖాతా వాడకంలో లేకపోయినా, ఆధార్‌తో లింకు కాకపోయినా డబ్బు ఆగిపోవచ్చు. అందుకే మందులు మొదలైన వారంలోనే బ్యాంకుకు వెళ్లి సరిచూసుకోండి. ఖాతా లేకపోతే జన్‌ధన్ ఖాతా తెరవవచ్చు.

ఆ డబ్బు తిండికే పెట్టండి. టీబీకి మందు ఎంత అవసరమో కడుపు నిండా తిండీ అంతే అవసరం. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చూస్తే, ఇంట్లో మిగతావాళ్లకు కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది. ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే ఇళ్లకు ఇది చాలా పెద్ద మాట. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, జబ్బు లేనివాళ్లకు రాకుండా ఇచ్చే మందుల గురించి అడగండి.

పని కోసం వేరే ఊరు వెళ్లాల్సి వస్తే ముందే చెప్పండి. అదే ఐడీ మీద చికిత్సను అక్కడికి మారుస్తారు. అనుమానాలుంటే టోల్‌ఫ్రీ 1800-11-6666.